మన ఇంటి ఫోటో మనమే తీసుకుందాం

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థిని

సంక్రాంతి వస్తోందంటే చాలు, మన సెల్‌ఫోన్ల నిండా ముగ్గులే ముగ్గులు! భోగి తెల్లవారుజామున మొదలయితే కనుమ సాయంత్రం దాకా బొమ్మలు వచ్చి పడుతూనే ఉంటాయి. ఒక పెంకుటిల్లు, దాని ముందు రథం ముగ్గు, వెనక కొబ్బరిచెట్ల వరుస, పక్కన హరిదాసు, పొంగుతున్న కుండ, పైన పెద్ద అక్షరాలతో "మీకు, మీ కుటుంబ సభ్యులకు సంక్రాంతి శుభాకాంక్షలు". పంపేవాళ్ళు మారతారు గానీ బొమ్మ మాత్రం మారదు. ఆ ఇల్లు ఎవరిది? ఆ ఊరు ఏది? మా పుంగనూరు దిక్కు పల్లెల్లో నేను పుట్టి పెరిగిన ఈ ఇరవై ఏళ్ళలో అట్లాంటి ఇల్లు ఒక్కటీ చూడలేదు. మా దిక్కున ఉండేవి గుండ్రాళ్ళ గుట్టలు, చింతమాన్లు, కట్టెలు నాటిన టమోటా తోటలు. ఎవరో ఎక్కడో కంప్యూటర్లో చేసిన బొమ్మను మనం చిన్నాయనకు పంపుతాం. చిన్నాయన దాన్నే ఇంకొకరి దగ్గర నుంచి అందుకుని మళ్ళీ మనకే పంపుతాడు. ఇదీ మన పండగ పలకరింపు!

నేను మనవి చేయదలచింది ఒక్కటే. ఈ సంక్రాంతికి మన ఇంటి ఫోటో మనమే, మన ఇంట్లోనే తీసుకుందాం. శుభాకాంక్షలు చెప్పడానికి దాన్నే పంపుదాం. ఒక కాపీ కాగితం మీద వేయించి ఇంట్లో ఉంచుకుందాం. "ఓస్, ఇంతేనా! దీనికొక వ్యాసం కూడానా?" అని మిత్రులు నవ్వవచ్చు. కొంచెం ఓపిక పట్టి చదవమని కోరుతున్నాను. పైకి సరదాగా కనబడే ఈ విషయం అంత సరదా అయినది కాదు.

పండగకు కార్డు పంపే అలవాటు మనది కాదు, తెల్లవాళ్ళది. నిజమే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన ఇంతమంది బంధుమిత్రులకు విడివిడిగా ఉత్తరాలు రాయలేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ గీయించి అచ్చు వేయించాడు. క్రిస్మస్ కార్డుల్లో మొదటిదిగా చెప్పేది దాన్నే. (మన హార్స్‌లీ కొండకు పేరు ఇచ్చినవాడు కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్స్‌లీ. ఈయన వేరు, ఆయన వేరు. మదనపల్లె మిత్రులు పొరబడకూడదని చెబుతున్నాను!) ఆ మొదటి కార్డు మీద ఉన్నదేమిటంటే ఒక కుటుంబం. పిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ళ దాకా ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. తర్వాత 1903లో అమెరికాలో కొడాక్ కంపెనీ సరిగ్గా పోస్టుకార్డు సైజులో నెగెటివ్ వచ్చే కెమెరా అమ్మకానికి పెట్టింది. జనం తమ ఇంటి ముందు తామే ఫోటో తీసుకుని, దాన్నే పోస్టుకార్డుగా వేసుకునే వీలు కలిగింది. ఇప్పటికీ అక్కడ క్రిస్మస్‌కు కుటుంబం ఫోటోతో కార్డు పంపే ఆచారం ఉంది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళలోనూ కొందరు ఒకే రంగు బట్టలు వేసుకుని, పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని తీసుకున్న ఫోటోను కొత్త సంవత్సరానికి ఊళ్ళోని వాళ్ళకు పంపుతున్నారు.

మనకూ కార్డుల కాలం ఒకటి ఉండేది. మా నాయన చదువుకునే రోజుల్లో డిసెంబరు వచ్చిందంటే పుస్తకాల అంగళ్ళ ముందు తాళ్ళకు గ్రీటింగ్ కార్డులు వేలాడేవట. వాటి మీద బొమ్మ అచ్చాఫీసుది అయినా కింద రాసిన నాలుగు ముక్కలు, సంతకం మనవి. ఇప్పుడు ఆ సంతకం కూడా పోయింది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఒక సామాన్య రైతు ఇంట్లో ఎన్ని ఫోటోలుంటాయి? నేను మా ఇంట్లో కాగితాల పెట్టె తెరిచి లెక్కపెట్టాను. పట్టాదారు పాసుపుస్తకంలో తాత. రేషన్ కార్డులో ఇంటిల్లిపాదీ కలిసి అగ్గిపెట్టెంత చోటులో. ఓటరు గుర్తింపు కార్డులో అవ్వ. ఆధార్ కార్డుల్లో అందరం, ఎవరో గదమాయించినట్టు. డ్వాక్రా గ్రూపు వాళ్ళు బ్యాంకు కోసం తీయించుకున్న ఫోటోలో అమ్మ, పదిమంది మధ్యన వెనక వరుసలో. హాల్‌టికెట్ల మీద నేను. ఇవి కాక అమ్మానాయనల పెళ్ళి ఆల్బం ఒకటి.

ఆ పెళ్ళి ఆల్బం పక్కన పెట్టండి. మిగిలినవన్నీ ఏదో ఒక ఆఫీసు అడిగితే తీయించుకున్నవే! ఓటరు కార్డు 1993లో వచ్చింది, ఆధార్ 2010లో వచ్చింది. అవి రాకపోయి ఉంటే మా అవ్వకు ఫోటోనే ఉండేది కాదు. ఆ ఫోటోల్లో మొహం నేరుగా ఉండాలి, నవ్వకూడదు, వెనక ఏమీ కనబడకూడదు. ఆఫీసుకు అది చాలు. వాళ్ళకు కావలసింది ఆనవాలు. కానీ ఇంటికి ఆనవాలు చాలుతుందా?

మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ. పోయినవాళ్ళకు కొత్తబట్టలు పెట్టి, వాళ్ళు ఇష్టంగా తినేవి వండి, ఫోటోకు బొట్టు పెట్టి దండం పెట్టుకుంటాం. మా తాత పోయి ఆరేళ్ళయింది. ఆయన పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఫోటో కోసం ఇల్లంతా వెదికితే పాసుపుస్తకంలోది తప్ప ఇంకొకటి దొరకలేదు. దాన్నే పట్నంలో ఒక స్టూడియోకు తీసుకుపోతే పెద్దది చేసి, మెడ కింద కోటు, టై అతికించి ఇచ్చారు. వాళ్ళు మర్యాద చేశామనే అనుకున్నారు, తప్పు పట్టలేం. కానీ మా తాత బతికినన్నాళ్ళూ కోటు వేసింది లేదు. తలగుడ్డ లేకుండా గడప దాటింది లేదు. పాసుపుస్తకం ఫోటోకు తలగుడ్డ తీసెయ్యమన్నారు గనక గోడ మీద తాతకు తలగుడ్డ కూడా లేదు. తాత పోయేనాటికి మా తమ్ముడికి నాలుగేళ్ళు. వాడికి తాత అంటే ఆ కోటు మనిషే. మేము ఎన్ని చెప్పినా వాడి కండ్లకు ఇంకొక తాత కనబడడు. తోటలో మడవ కట్టే తాత, ఆవును పేరు పెట్టి పిలిచే తాత మా మాటల్లో ఉన్నాడే గానీ కాగితం మీద లేడు. ఆ మాటలు గుర్తున్నవాళ్ళం పోతే ఆయనా పోతాడు. మిత్రులారా, ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోను. మీ ఇంటి గోడ మీద ఉన్న ఫోటో ఎక్కడ నుంచి వచ్చిందో ఒకసారి అడిగి చూడండి.

రైతుల ఫోటోలు ఎవరూ తీయరని కాదు నేననేది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద రూపాయలు దాటి ఇంకా పైకి పోతుంటే పత్రికలవాళ్ళు, టీవీలవాళ్ళు మండీల ముందు వరుస కట్టారు. ధర పడిపోయి కాయలు రోడ్డు పక్కన పారబోసినప్పుడు మళ్ళీ వస్తారు. మా ఫోటో కావాలంటే మేము కోటీశ్వరులమన్నా కావాలి, లేదా ఏడుస్తూ అన్నా ఉండాలి! నారు నాటి, కట్టెలు పాతి, తాళ్ళు కట్టి, మందు కొట్టి, కాయలు కోసి బాక్సులకెత్తే నెలల తరబడి బతుకు ఏ కెమెరాకూ కనబడదు. అట్లాగే 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి ఢిల్లీలోని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న ఫోటోలు దేశమంతా చూసింది. సంతోషమే. తగ్గిపోతూ వచ్చిన మా మూడడుగుల ఆవుకు పేరొచ్చింది. కానీ ఆ ఆవును తరతరాలుగా మేపుకొచ్చిన ఇళ్ళలో, మేపిన మనిషీ ఆవూ కలిసి ఉన్న ఫోటో ఉందా? మా ఊళ్ళో నేను అడిగిన ఇళ్ళలో లేదు. బయటివాళ్ళు వాళ్ళకు కావలసింది తీసుకుంటారు. మనకు కావలసింది మనమే తీసుకోవాలి.

"పల్లెటూరివాళ్ళకు ఇవన్నీ ఎక్కడ చేతనవుతాయి?" అనేవాళ్ళు కుప్పం సంగతి తెలుసుకోవాలి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పం ప్రాంతంలో 'ఐ-కమ్యూనిటీ' అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. అందులో భాగంగా స్వయంసహాయక సంఘాల్లోని కొందరు స్త్రీలకు డిజిటల్ కెమెరా, మోసుకుపోగలిగిన చిన్న ప్రింటరు, కరెంటు లేనిచోట పనిచేయడానికి సౌరశక్తి పలక ఇచ్చి ఫోటో తీయడం నేర్పారు. వాళ్ళు పల్లెల్లో తిరిగి ఫోటోలు తీసి, అక్కడికక్కడే అచ్చు వేసి ఇచ్చి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. పట్నాల్లో కూడా డిజిటల్ కెమెరా ఇంకా కొత్తవస్తువుగా ఉన్న రోజులవి! కొన్నేళ్ళకు ఆ కార్యక్రమం ముగిసిపోయింది. కానీ అది నిరూపించిన సంగతి ముగిసిపోలేదు. వ్యవసాయపు ఇంటి ఆడమనిషి చేతికి కెమెరా ఇస్తే ఆమె తీయగలదు. పైగా ఎదుట కూర్చున్న ఆడవాళ్ళు బిగుసుకుపోకుండా మామూలుగా ఉంటారు. ఇదేమీ కొత్త ఆలోచన కాదు కూడా. నిజాం ఆస్థానంలో ఫోటోగ్రాఫరుగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1892లోనే పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫోటో తీసేది కూడా స్త్రీయే. కెమెరా వెనక ఎవరున్నారన్న దాన్ని బట్టి కెమెరా ముందున్న మొహం మారుతుంది. మా అమ్మ నా ఎదుట నవ్వినట్టు ఏ ఆఫీసు కెమెరా ఎదుట నవ్వుతుంది?

దీనికి కొన్ని అభ్యంతరాలు వినవస్తాయి. వాటికి సమాధానం చెప్పడం నా బాధ్యత.

మొదటిది మా అవ్వది. "వద్దు అమ్మణ్ణీ, ఫోటో పట్టిస్తే ఆయుస్సు తగ్గిపోతుందంట" అంటుంది. నేను వాదానికి దిగలేదు. "ఆధార్‌కు కండ్లు కూడా పట్టించుకున్నావు గదా అవ్వా, ఏమన్నా తగ్గిందా?" అన్నాను. పళ్ళులేని నోటితో పకపకా నవ్వింది. నాకు కావలసింది ఆ నవ్వే. అది ఇప్పుడు నా దగ్గర ఉంది.

రెండవది మన మిత్రులది. "రోజుకు ఇరవై సెల్ఫీలు తీసుకుంటున్నాం, ఇంకా ఫోటోలేమిటి?" అంటారు. సెల్ఫీలో మనం ఉంటాం, మన ఇల్లు ఉండదు. హార్స్‌లీ కొండ మీద మన సెల్ఫీ వంద ఉంటాయి. పొయ్యి దగ్గర అమ్మ ఫోటో ఒక్కటుందా?

మూడవది స్టూడియోవాళ్ళ బతుకుతెరువు. అది న్యాయమైన ప్రశ్నే. ఫోటో ఇంట్లో తీసుకోమంటున్నాను గానీ అచ్చు వేయించడానికి స్టూడియోకే పొమ్మంటున్నాను. ఊరికొక వంద ఇళ్ళవాళ్ళు ఏటా కాగితం మీద వేయించుకుంటే వాళ్ళకూ మేలే.

నాలుగవది ఎవరూ పైకి చెప్పరు. అసలైన అడ్డం అదే. సిగ్గు! గోడకు పెచ్చులూడి ఉన్నాయి, నాయన బనియను చిరిగి ఉంది, అమ్మ పాత చీరలో ఉంది, పశువుల కొట్టం వెనకాలే కనబడుతుంది. హాస్టల్లో స్నేహితులు చూస్తే ఏమనుకుంటారో! అందుకే మనది కాని పెంకుటింటి బొమ్మను పంపి ఊరుకుంటాం. నేను ఒక్కమాట అడుగుతాను. మన ఫీజు కట్టింది ఆ కొట్టంలో పాలు పిండిన డబ్బు కాదా? మన చదువు ఆ పెచ్చులూడిన గోడల మధ్య సాగలేదా? సంపాదన వచ్చాక మంచి ఇల్లు కట్టి, అప్పుడు తీసుకుందామంటే, ఇల్లు కట్టే నాటికి అవ్వ ఉంటుందా?

ఇక ఎట్లా తీయాలి? సైన్సు విద్యార్థినిని గనక నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. దీనికి పెద్ద ఫోను అక్కరలేదు. కావలసింది వెలుతురు. పొద్దున ఏడెనిమిది గంటలప్పుడు తిన్నె మీద, మొహం వెలుతురు వైపు ఉండేటట్టు కూర్చోబెట్టండి. వాకిలికి వీపు పెట్టి కూర్చుంటే వెనక ఆకాశం తెల్లగా వచ్చి మొహాలు నల్లబడతాయి. ఎదురుగా సున్నం కొట్టిన గోడ ఉంటే మరీ మంచిది. అది వెలుతురును తిరగకొట్టి మొహం మీద వేస్తుంది. ఫ్లాషు వద్దు.

దూరం సంగతి లెక్కతో చెబుతాను. చెయ్యి చాచి సెల్ఫీ తీస్తే కెమెరాకు ముక్కు 50 సెంటీమీటర్లు, చెవి 60 సెంటీమీటర్లు దూరంలో ఉందనుకోండి. దగ్గరున్న ముక్కు చెవి కంటే 20 శాతం పెద్దదిగా పడుతుంది. అదే రెండున్నర మీటర్లు వెనక్కి పోతే ముక్కు 250, చెవి 260. తేడా 4 శాతమే. మొహం మొహంలాగా వస్తుంది. కాబట్టి వెనక్కి జరగండి. ఫోను కూర్చున్నవాళ్ళ కండ్ల ఎత్తులో పట్టుకోండి. పుంగనూరు ఆవును కూడా కలిపి తీసేటట్టయితే మోకాళ్ళ మీద కూర్చోక తప్పదు. నిలబడి తీస్తే ఆవు దూడలాగా కనబడుతుంది! తీసేవాళ్ళు కూడా ఫోటోలో ఉండాలంటే ఫోనును ఒక టమోటా బాక్సు మీద ఆనించి, పది సెకండ్ల టైమరు పెట్టి పరుగెత్తి వచ్చి కూర్చోండి. ఆ పరుగు చూసి అందరూ నవ్వుతారు. నవ్వించడానికి వేరే ఉపాయం అక్కరలేదు.

అందరినీ వరుసగా నిలబెట్టి తీసింది ఒకటి చాలు. తర్వాత ఎవరి పనిలో వాళ్ళను తీయండి. నాయన తలగుడ్డ తీయమనకండి. అమ్మను కొత్త చీర కట్టుకు రమ్మని తొందర పెట్టకండి, ఆమే కట్టుకుంటానంటే కాదనకండి. కనుమనాడు కొమ్ములకు రంగులు పూసేటప్పుడు, ముగ్గు వేసేటప్పుడు, సంగటి గెలికేటప్పుడు తీయండి. ఒక్కటి మాత్రం మరవకండి. ఇంట్లో అందరికీ వడ్డించే మనిషి చివరకు ఫోటోలో లేకుండా పోతుంది. ముందు ఆమెను కూర్చోబెట్టి, తర్వాత తక్కినవాళ్ళను పిలవండి.

తీసినది ఫోనులోనే ఉంచితే తీయనట్టే. ఫోను నీళ్ళ తొట్టిలో పడితే పోయె, పోగొట్టుకుంటే పోయె. నాలుగంగుళాలు, ఆరంగుళాల కాగితం మీద అంగుళానికి 300 చుక్కల లెక్కన వేస్తే 1200ను 1800తో గుణించాలి, అంటే దాదాపు 22 లక్షల చుక్కలు. రెండు మెగాపిక్సెళ్ళకు కొంచెం ఎక్కువ. మన చేతిలోని మామూలు ఫోను ఇంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. కాబట్టి ఫోను చాలదనే మాట చెల్లదు. స్టూడియోకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. వచ్చిన కాగితం వెనక పెన్సిలుతో ఊరు, తేదీ, ఉన్నవాళ్ళ పేర్లు రాయండి. ఆవు పేరు కూడా రాయండి. ఎండ తగలని, చెమ్మ లేని చోట పెట్టండి. అవ్వలాంటి వాళ్ళకు ఆ కాగితమే చేతికివ్వాలి. ఫోను తెరలో చూపించిన ఫోటోను ఆమె తలగడ కింద దాచుకోలేదు గదా!

లెక్చరర్లకు, పూర్వ విద్యార్థులకు కూడా నా విన్నపం ఇదే. పట్నాల్లో, పరదేశాల్లో ఉన్న పెద్దలు పండగకు ఊరికి వచ్చినప్పుడు తాళం తీసి దీపం పెట్టి వెళ్ళిపోకుండా, మిగిలి ఉన్న ముసలివాళ్ళను తిన్నె మీద కూర్చోబెట్టి ఒక ఫోటో తీయండి. విద్యార్థి సంఘానికి ఒక సూచన. వచ్చే ఏడు వార్షికోత్సవంలో ఒక గోడ దీనికి కేటాయించండి. ఒక్కొక్క విద్యార్థి, విద్యార్థిని తమ ఇంట్లో తాము తీసిన ఫోటో ఒకటి తెచ్చి అంటించాలి. బహుమతులు వద్దు, పోటీ అసలే వద్దు. మన కాలేజీకి ఏయే ఇళ్ళ నుంచి పిల్లలు వస్తున్నారో మనమే ఒకసారి చూసుకుందాం. సిగ్గుపడి దాచుకున్న గోడలన్నీ ఒకచోట చేరితే సిగ్గు ఎవరికీ మిగలదు.

ఆఖరుగా ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. పండగ మూడు రోజులూ ఇంట్లో ఆడవాళ్ళకు ఊపిరాడదు. కూర్చోమంటే కూర్చోరు. అందువల్ల కాలేజీకి సెలవులిచ్చి ఇల్లు చేరిన మరునాడే, పొద్దున్నే, పనుల్లోకి పోకముందే ఆ పని కానిచ్చేయండి. పండగ దాకా ఆగవద్దు.